ఆ నాలుగు లైన్ల వార్త కింద ఇంకో నాలుగు లైన్లు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో బైక్ ప్రమాదం వార్త లేని రోజు దాదాపు ఉండదు. ‘బైక్ అదుపుతప్పి యువకుడి దుర్మరణం’, ‘ఆగి ఉన్న లారీని ఢీకొని ఇద్దరు మృతి’ అని ఒక హెడ్డింగు, కింద నాలుగు లైన్లు, మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు, అంతే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద వెళ్తున్నవాళ్ళే. అంటే మీరు వేసే ఆ చిన్న వార్తలు ఏడాదికి డెబ్బై వేలకు పైగా ఇళ్ళ సంగతి. అన్ని ఇళ్ళ గురించి రాస్తున్నప్పుడు, ఆ భార్యాపిల్లలకి చట్టప్రకారం నష్టపరిహారం అడిగే హక్కు ఉందని, అది ఎక్కడ అడగాలో, ఎంతలోపు అడగాలో ఒక్క వార్తలోనైనా ఎందుకు రాయరు? దయచేసి రాయండి. ఈ ఉత్తరం అందుకే.

మా అక్క తరఫున ఈ కేసు వ్యవహారమంతా చూసినవాణ్ణి నేనే. బావ బండి మీద వెళ్తుంటే వెనకనుంచి వ్యాను గుద్దింది. ఆ తర్వాత పోలీస్ స్టేషను, ఆసుపత్రి, కోర్టు కారిడార్లు ఇవన్నీ చూశాక, మాలాంటి ఇంకెన్ని కుటుంబాలు అక్కడ బెంచీల మీద కూర్చుని ఏ కాగితం దేనికో తెలియక టెన్షన్ పడుతున్నాయో చూశాక రాస్తున్నాను. అక్కడ నాకు కనిపించినవాళ్ళలో ఎక్కువమందికి తెలియనిది చట్టం లోతుపాతులు కాదు, మొదటి వారంలో తెలియాల్సిన చిన్న చిన్న విషయాలు.

ముందు గడువు సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 166వ సెక్షన్ కింద చనిపోయినవాళ్ళ వారసులు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసుకోవచ్చు. మన దగ్గర కోర్టుల్లో దీన్నే ఓపీ వేయడం అంటారు. చాలా ఏళ్ళపాటు దీనికి గడువంటూ లేదు. అందుకే ఇప్పటికీ ఊళ్ళలో పెద్దవాళ్ళు ‘ఏడాది మాసికం అయ్యాక చూద్దాంలే’ అంటారు. కానీ 2019లో చట్టాన్ని సవరించారు, ఆ మార్పు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలన్నారు. ఈ గడువు న్యాయమేనా అన్న విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, అది తేలేవరకు ఆలస్యమైందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. మధ్యంతర ఉత్తర్వంటే రేపు ఎటైనా మారొచ్చు, దాన్ని నమ్ముకుని ఎవరూ ఆగకూడదు. పైగా వడ్డీ లెక్క కట్టేది మామూలుగా పిటిషన్ వేసిన రోజు నుంచే, ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ కుటుంబానికే నష్టం. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆరు నెలలు ఎలా గడిచిపోతాయో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పెద్దకర్మ, బ్యాంకు వాళ్ళ ఫోన్లు, పిల్లల ఫీజులు, అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఇప్పుడు మీ హెడ్డింగుల దగ్గరికి వస్తాను, కోపం తెచ్చుకోవద్దు. ‘ఆగి ఉన్న లారీని ఢీకొని’ అని రాస్తారు. చదివినవాళ్ళకి తప్పంతా బైక్ నడిపిన కుర్రాడిదే అనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళు కూడా అదే అనుకుంటారు, మనవాడిదే తప్పు కదా ఇంకేం అడుగుతాం అని ఊరుకుంటారు. కానీ ఆ లారీ అర్ధరాత్రి హైవే మీద, వెనక లైట్లు లేకుండా, ఇండికేటర్ వేయకుండా, చుట్టూ కోన్లు కాదు కదా ఒక చెట్టుకొమ్మ కూడా పెట్టకుండా ఆగి ఉందా అన్నది ఎవరు రాస్తారు? 2024లో ఇలాంటి కేసే సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. హైవే మీద ఏ హెచ్చరికా లేకుండా వదిలేసిన ట్రక్కును కారు గుద్దుకుంది. కింది కోర్టులు కారు నడిపినవాడి మీద కూడా సగం తప్పు వేసి పరిహారంలో కోత పెడితే, సుప్రీంకోర్టు ఆ కోత తీసేసి బాధ్యత ట్రక్కు వాళ్ళదే అంది. కాబట్టి ఆగి ఉన్న బండిని గుద్దుకున్నంత మాత్రాన క్లెయిమ్ పోదు. ‘అతివేగమే కారణం’ అన్నమాట కూడా అంతే, ప్రమాదం జరిగిన రెండు గంటల్లో ఆ సంగతి ఎవరు తేల్చారు? తప్పెవరిదో తేలేదాకా ఆ మాట రాయకుండా, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. లైట్లు ఉన్నాయా, రోడ్డు మీద గుంత ఉందా, బండి ఏ వైపు ఉంది, ఇవి మీ విలేకరి స్పాట్‌కి వెళ్ళినప్పుడు కళ్ళారా చూసేవే.

ఇంక అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది శవ పంచనామా గురించి.

పోస్టుమార్టానికి ముందు పోలీసులు శవాన్ని చూసి, సాక్షుల ముందు వివరాలు రాసుకునే కాగితం అది. మార్చురీ బయట, ఉదయాన్నే, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినవాళ్ళ మధ్య కానిస్టేబుల్ ఒక ఫారం పట్టుకుని అడుగుతుంటాడు. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి. బావది మోటార్ల వైండింగ్ పని. బోర్ల మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు, సొంత షెడ్డు, చేతికింద ఒక కుర్రాడు. ‘ఏం చేస్తాడు?’ అని అడిగితే మాతో వచ్చిన ఎవరో ‘పనికెళ్తాడండి’ అన్నారు. కాగితం మీద ‘కూలి’ అని పడింది. ఆ సమయంలో అది ఎవరు చదువుతారు, పంచాయతీదారులు, అంటే పంచనామాకి సాక్షులుగా నిలబడ్డవాళ్ళు, సంతకాలు పెట్టారు, బాడీ తీసుకుని వచ్చేశాం. చాలా రోజుల తర్వాత ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయరు అక్కని అడిగిన మొదటి ప్రశ్న అదే. ‘మీ భర్త కూలిపని చేసేవాడని పంచనామాలో ఉంది, నిజమేనా?’ అక్క బోనులో నిలబడి, షెడ్డు గురించి చెప్పబోయి, గొంతు పెగలక అలాగే ఉండిపోయింది. తర్వాత వైర్ కొన్న బిల్లులు, షెడ్డు కరెంటు మీటరు, బ్యాంకు పాస్‌బుక్కు, ఫోన్‌లో యూపీఐ పేమెంట్ల స్టేట్‌మెంటు, ఆయన దగ్గర మోటార్లు బాగుచేయించుకున్న రైతుల సాక్ష్యం, ఇవన్నీ పోగేస్తే గానీ ఆ ఒక్క మాట బరువు తగ్గలేదు.

ఆ మాట ఎంత ఖరీదైనదో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క ఎలా వేస్తారో జనానికి చెప్పేవాళ్ళు లేరు. సుప్రీంకోర్టు 2009లో ఒక తీర్పులో, 2017లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇచ్చిన ఇంకో తీర్పులో దీనికి ఒక పద్ధతి పెట్టింది. చనిపోయిన మనిషి నెల ఆదాయం తీసుకుంటారు. బతికుంటే ముందు ముందు ఆదాయం పెరిగేది కాబట్టి దానికి కొంత కలుపుతారు, సొంత పని చేసుకునేవాడు, వయసు నలభై లోపు అయితే 40 శాతం, పర్మినెంటు ఉద్యోగి అయితే 50 శాతం. అందులోంచి ఆయన సొంత ఖర్చులని కొంత తీసేస్తారు, ఆయన మీద ఆధారపడ్డవాళ్ళు నలుగురు నుంచి ఆరుగురు ఉంటే నాలుగో వంతు, ఇద్దరు ముగ్గురే ఉంటే మూడో వంతు, పెళ్ళికానివాడైతే మామూలుగా సగం. మిగిలినదాన్ని ఏడాదికి లెక్కకట్టి, వయసును బట్టి ఒక సంఖ్యతో హెచ్చిస్తారు, దాన్నే మల్టిప్లయర్ అంటారు. 26 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకి 17, 31 నుంచి 35 దాకా 16, 36 నుంచి 40 దాకా 15, అలా తగ్గుతూ పోతుంది.

ఒక మనిషి వయసు 34 అనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సొంత పని, నెలకి 18,000 వస్తుంది. దానికి 40 శాతం కలిపితే 25,200. నాలుగో వంతు తీసేస్తే 18,900. ఏడాదికి 2,26,800. పదహారుతో హెచ్చిస్తే 36,28,800 రూపాయలు. అదే మనిషిని కూలి అని రాసి, ఆధారాలు లేవని ట్రిబ్యునల్ నెలకి 10,000 మాత్రమే తీసుకుందనుకోండి, ఇదే లెక్కలో వచ్చేది 20,16,000. తేడా 16 లక్షల 12 వేల 800. అదంతా మార్చురీ బయట ఎవరో తొందరలో చెప్పిన ఒక్క మాట వల్ల. కూలిపని తక్కువని నేను అనడం లేదు, కూలి చేసుకునేవాళ్ళకి కూడా రోజుకి నిజంగా ఎంత వస్తుందో అంత రాయించుకునే హక్కు ఉంది. ఎవరింట్లోనైనా ఈ గండం వస్తే, కాస్త గుండె నిబ్బరం ఉన్న ఒక బంధువుని పంచనామా దగ్గర నిలబెట్టండి, వయసు, వృత్తి, బండి నంబరు ఈ మూడూ సరిగ్గా రాశారో లేదో చదివి చూశాకే సంతకాలు పెట్టమనండి.

వయసు దగ్గర కూడా చాలామంది దెబ్బతింటారు. మన ఊళ్ళలో ఎంతమంది ఆధార్ కార్డుల మీద పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుందో అందరికీ తెలుసు. ఒక్క ఏడాది తేడాతో మల్టిప్లయర్ మారిపోవచ్చు. ఆధార్ వయసుకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్ ఉంటే దాన్నే తీసుకోవాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులోనే చెప్పింది. బడి మానేసి ఎన్నేళ్ళైనా రికార్డు అక్కడ ఉంటుంది, వెళ్ళి అడగండి.

చనిపోయింది ఇల్లు చూసుకునే ఆడమనిషి అయితే ‘ఆవిడకి సంపాదనేముంది’ అని ఇంట్లోవాళ్ళే వదిలేయడం చూశాను, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆవిడ చేసే వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ, వీటికి విలువ కట్టి పరిహారం ఇవ్వాలని కోర్టులు ఎప్పటినుంచో చెప్తున్నాయి, 2021లో సుప్రీంకోర్టు మరీ గట్టిగా చెప్పింది. ఇవి కాక భర్తనో భార్యనో తల్లినో తండ్రినో కోల్పోయినందుకు, చెట్టంత కొడుకుని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి కూడా, విడిగా కొంత మొత్తం ఉంటుంది. 2017లో అది 40 వేలు, మూడేళ్ళకోసారి పది శాతం పెంచాలన్నారు. ఆ పెంపు అడగకపోతే కొన్నిచోట్ల పాత మొత్తమే ఇచ్చేస్తారు. ఎల్‌ఐసీ డబ్బులు వచ్చాయి కదా అని ఈ పరిహారంలో కోత పెట్టడానికి లేదు, అది కూడా గుర్తుంచుకోండి.

తర్వాత రాజీ. ప్రమాదం జరిగిన మూడో రోజో నాలుగో రోజో ఇంటికి మనుషులు వస్తారు. బండి ఓనరు తరఫున ఒకరు, ఊరి పెద్ద ఒకరు. ‘పోయినోడు ఎలాగూ రాడు, కేసులంటే ఏళ్ళు పడతాయి, ఖర్చుల కింద ఇది ఉంచుకోండి, ఇక్కడ ఒక సంతకం పెట్టండి’ అంటారు. ఆ కాగితంలో ఏముంటుందో చదవకుండానే పెట్టేస్తారు, ఎందుకంటే ఆ క్షణంలో చేతిలో డబ్బు ఉండదు. ఆ కాగితంలో చాలాసార్లు ఉండేది మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని, మృతుడే అదుపు తప్పి పడిపోయాడని. రేపు ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ వాళ్ళ చేతిలో అదే ఆయుధం. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్, ఇద్దరూ కూర్చుని రాసుకున్న కాగితంతో మాఫీ అయ్యే నేరమే కాదు. ఇంకో సంగతి, పరిహారం కట్టేది మామూలుగా ఆ డ్రైవరు తన జేబులోంచి కాదు, బండికి ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది. కాబట్టి ‘పాపం పేదవాడు, వాడి పొట్ట కొట్టడం ఎందుకు’ అని జాలిపడి వదిలేయాల్సిన పని లేదు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేసినా సరే క్లెయిమ్ కేసు దానంతట అది పోదు, రెండిటికీ కావాల్సిన రుజువు స్థాయి వేరు.

ఇలాంటిదే ఇంకో ఉచ్చు 5 లక్షల దగ్గర ఉంది. ఎవరి తప్పో నిరూపించక్కర్లేకుండా చావుకి 5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఒకటుంది. తప్పు తేల్చడం కష్టమైన కేసుల్లో అది నిజంగా ఆదుకుంటుంది. కానీ ఇన్సూరెన్స్ వాళ్ళు సెటిల్‌మెంట్‌గా ఆ 5 లక్షలు ఇస్తే మీరు ఒప్పుకుని తీసుకున్నాక, 166 కింద వేసిన పెద్ద పిటిషన్ రద్దయిపోతుంది. పైన చూపిన లెక్క ఒకసారి వేసుకుని చూడకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

చనిపోయినవాడిదే పూర్తిగా తప్పు అయితే, లేదా ఎదుటి బండే లేకపోతే సంగతి వేరు. తన నిర్లక్ష్యంతో తనే పోతే 166 కింద కుటుంబానికి రాదని 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకోసారి చెప్పింది. అలాంటప్పుడు ఆ ఇంటికి మిగిలే దారి ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్, 2018 నుంచి అది 15 లక్షలు, ఏడాదికి కట్టేది వందల్లోనే. బండి ఓనరే నడుపుతూ ఉండాలి, లైసెన్సు ఉండాలి. చాలామంది ఇన్సూరెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు కొంచెం తక్కువ పడుతుందని ఆ టిక్కు తీసేస్తారు. ఇది చదువుతున్నవాళ్ళు ఒకసారి మీ పాలసీ తెరిచి ఆ లైను ఉందో లేదో చూడండి. ఫ్రెండు బండి అడిగి తీసుకెళ్ళినవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. అరువు బండి నడిపినవాణ్ణి చట్టం ఓనరు స్థానంలోనే చూస్తుంది, ఆ బండి ఇన్సూరెన్స్ నుంచి థర్డ్ పార్టీగా, అంటే బయటి మనిషిగా, అడగడం కుదరదని 2009లోను, తర్వాత 2020లోను తీర్పులున్నాయి. వేరే బండి తప్పు ఉంటే మాత్రం ఆ బండి వాళ్ళని నిక్షేపంగా అడగొచ్చు.

వెనక కూర్చున్నవాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. బండికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉండి, ఆ బండి నడిపినవాడిదే తప్పయితే, వెనక కూర్చుని చనిపోయిన మనిషికి ఆ పాలసీ వర్తించదని 2006లో సుప్రీంకోర్టు అంది. ప్యాకేజీ పాలసీ, అదే ఫుల్ ఇన్సూరెన్స్ అంటాం కదా, అది ఉంటే వర్తిస్తుంది. భార్యనో తల్లినో రోజూ వెనక కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్ళు కనీసం ఈ ఒక్క కారణానికైనా ఫుల్ ఇన్సూరెన్స్ చేయించాలి. రెండు బండ్లు గుద్దుకుని ఇద్దరు డ్రైవర్ల తప్పూ ఉంటే, వెనక కూర్చున్న మనిషి కుటుంబం ఏ బండి వాళ్ళ దగ్గర్నుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చు. ముగ్గురు ఎక్కారు కదా అని కొట్టేయడానికి కూడా లేదు, అలా ఎక్కడం చట్టరీత్యా తప్పే, కానీ ప్రమాదానికి అదే కారణమని ఇన్సూరెన్స్ వాళ్ళు చూపించాలి. హెల్మెట్ లేదన్నా అంతే, ఆ ఒక్కదానితో క్లెయిమ్ మొత్తం పోదు. అలాగని హెల్మెట్ పెట్టుకోకుండా తిరగమని కాదు నేను చెప్పేది, పెట్టుకోండి, వెనక కూర్చునేవాళ్ళకి కూడా పెట్టండి.

గుద్ది ఆపకుండా పోయిన బండి కేసుల్లో, నంబరే తెలియనప్పుడు, 2022 ఏప్రిల్ నుంచి చావుకి 2 లక్షలు ఇస్తున్నారు, అంతకుముందు అది 25 వేలే. ఇది ట్రిబ్యునల్‌లో కాదు, రెవెన్యూ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టాలి, కలెక్టరు స్థాయిలో మంజూరవుతుంది. దేశమంతా ఇంత హిట్ అండ్ రన్ జరుగుతున్నా ఈ డబ్బు అడిగేవాళ్ళు చాలా తక్కువని 2024 జనవరిలో సుప్రీంకోర్టే బాధపడింది, కేసు పెట్టిన నెలలోపు బండి దొరక్కపోతే ఈ పథకం గురించి కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాల్సింది స్టేషన్ అధికారే అని ఆదేశించింది. బండి దొరకలేదని స్టేషన్‌లో నోటిమాటగా చెప్పి పంపిస్తుంటే, ఆ కాగితం ఇవ్వండి అని అడగండి. ముందు అసలు బండిని పట్టుకునే ప్రయత్నం జరగాలి, దానికి దారిలో పెట్రోల్ బంకు, షాపుల సీసీ కెమెరాలే దిక్కు. ఆ రికార్డింగు కొన్నాళ్ళకి దానంతట అదే చెరిగిపోతుంది, అందుకే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి, పోలీసుల చేత స్వాధీనం చేయించాలి.

డబ్బు వచ్చే చోట దళారులు ముందే ఉంటారు. ఆసుపత్రి గేటు దగ్గరే విజిటింగ్ కార్డు చేతిలో పెడతారు, ‘ఖర్చంతా మాదే, వచ్చినదాంట్లో ఇంత శాతం’ అంటారు, ఖాళీ వకాలత్ (లాయరుని పెట్టుకునే కాగితం) మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుంటారు. లాయర్లందరూ అలాంటివాళ్ళు కాదు, మా కేసు చూసిన లాయరుగారు పద్ధతి గల మనిషి. కానీ వచ్చే పరిహారంలో వాటా అడగడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే కుదరదు, అడిగితే అడగనివాళ్ళ దగ్గరికి వెళ్ళండి. లాయరు ఫీజు కట్టలేనివాళ్ళకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది. భర్త పోయిన ప్రతి ఆడమనిషీ దీని కిందకి వస్తుంది. ప్రమాదం ఎక్కడో దూరాన జరిగిందని భయపడక్కర్లేదు, తాము ఉంటున్న జిల్లాలోనే పిటిషన్ వేసుకోవచ్చు. లోక్ అదాలత్‌లో త్వరగా తేల్చుకోవడం మంచిదే, కానీ అక్కడ ఒకసారి ఒప్పుకుంటే అప్పీలు ఉండదు, ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పిన మొత్తం నచ్చకపోతే వద్దనడానికి పూర్తి హక్కుంది, ఎవరూ బలవంతపెట్టకూడదు.

ఇంట్లో గొడవల గురించి కూడా రాయాలి, రాయకపోతే సగం విషయం దాచినట్టే. కొడుకు పోయాక కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుంది, లేదా పంపించేస్తారు, తర్వాత డబ్బు దగ్గర అత్తగారిది ఒక మాట, కోడలిది ఒక మాట. వేరు వేరుగా లాయర్లని పెట్టుకుని ఒకరి మీద ఒకరు రాసుకుంటే లాభపడేది ఎవరో చెప్పక్కర్లేదు. చట్టం ప్రకారం వారసులందరి తరఫునా ఒకే పిటిషన్ ఉండాలి, కలిసి రానివాళ్ళని ప్రతివాదులుగా చేర్చాలి. ఎవరికి ఎంత అన్నది ట్రిబ్యునలే పంచుతుంది, చిన్నపిల్లల వాటా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తుంది. మా ఇంట్లో అక్క అత్తగారు మొదటి నుంచీ అక్కతోనే కోర్టుకి వచ్చి పక్కన కూర్చునేవారు, దానివల్ల కేసు ఎంత తేలికయిందో నాకు తెలుసు.

చివరిగా పోలీసులు చేయాల్సింది. ఇదంతా కుటుంబం పరిగెత్తి తెచ్చుకోవాల్సిన పనే కాదు నిజానికి. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ప్రమాదం సంగతి తెలిసిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదిక ట్రిబ్యునల్‌కి, ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలి, ఆ నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకోవచ్చు. బాధిత కుటుంబానికి వాళ్ళ హక్కులు రాసిన ఫారం కూడా వాళ్ళే ఇవ్వాలి. ఈ పనికి స్టేషన్లలో, కనీసం పట్టణ స్థాయిలో, ప్రత్యేక సిబ్బంది ఉండాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ఆ ఫారం ఎవరూ ఇవ్వలేదు, అలాంటిదొకటి ఉందని లాయరుగారు చెప్తేనే తెలిసింది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, దానికి కూడా మమ్మల్ని రేపు రా, ఎల్లుండి రా అని తిప్పారు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు, రఫ్ స్కెచ్, చార్జిషీటు, గుద్దిన బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవరు లైసెన్సు, ఇన్ని కాగితాలు భర్త పోయిన మనిషి ఒక్కొక్క ఆఫీసుకీ తిరిగి తెచ్చుకోవాలా?

మీ విలేకరులు రోజూ ఆ స్టేషన్లకి వెళ్ళి వార్త రాసుకుంటారు కదా, ఒక్కసారి ఈ ప్రశ్న కూడా అడిగించండి. ఈ నెలలో మీ స్టేషన్ పరిధిలో ఎంతమంది చనిపోయారు, అందులో ఎన్ని కేసుల్లో 48 గంటల నివేదిక పంపారు, 90 రోజుల నివేదిక ఎన్నిట్లో పంపారు, ఎంతమంది కుటుంబాలకి ఆ హక్కుల ఫారం తెలుగులో ఇచ్చారు. వచ్చిన జవాబు జిల్లా పేజీలో స్టేషన్ల వారీగా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు